పాలపన్నే కదా అన్న మాట

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. దైవప్రవక్తపై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! జుమా కొరకు గుస్ల్ చేసి, మిస్వాక్ చేసుకుని, సువాసన పూసుకుని వచ్చాము. ఆ మిస్వాక్ ఏ వ్యాధి నుండి కాపాడటానికి ఉపకరిస్తుందో ఆ వ్యాధిని గురించే నేటి ప్రసంగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, శాశ్వత దంతాలు పుచ్చి చికిత్స పొందనివారు దాదాపు 200 కోట్లు. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైమాటే. ఇంత సాధారణమైనది గనుకనే దీనిని మనం వ్యాధిగా ఎంచము. పన్ను సలిపితే లవంగం అదిమి ఊరుకుంటాము.

ఈ మాట ముందుగా నాకే వర్తిస్తుంది. నా కుమారుని అయిదవ ఏట దవడపన్నుపై నల్లని మచ్చ కనిపించింది. "పాలపన్నే కదా, ఎలాగూ ఊడుతుంది" అన్నాను. కొన్ని నెలల తరువాత ఒక రంజాన్ రాత్రి తరావీహ్ ముగించి ఇల్లు చేరేసరికి వాడి చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. వైద్యులు చీము తీసి, ఆ పన్నును తొలగించారు. పాలపన్ను కాలానికి ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, రావలసిన పన్నుకు దారి ఇరుకవుతుందని అప్పుడు తెలిసింది.

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. అది ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. ఇది సృష్టికర్త కారుణ్యం. అయితే గంటకొకసారి తీపి చాయ్ తాగేవాని నోటికి ఆ వ్యవధి ఏది? పాలసీసా నోట ఉంచుకుని నిద్రించే పసిబిడ్డకు అసలే లేదు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. విరిగిన ఎముక అతుకుతుంది. గుంటపడిన పన్ను పూడదు.

అనుచర సమాజానికి భారమవుతుందన్న సంకోచమే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను ఆజ్ఞాపించి ఉండేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అంతిమ ఘడియలలో సైతం హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) నమిలి మెత్తబరచి ఇచ్చిన పుల్లతో ఆయన పళ్ళు తోముకున్నారు. మనమో, ముందుపళ్ళపై రెండుసార్లు రాసి జేబులో వేసుకుంటాము. ఎక్కువగా పుచ్చేవి దవడపళ్ళు! మిస్వాక్ చేసేవారు రాత్రి నిద్రకు ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం మానవలసిన పనీ లేదు.

నేడు ఇల్లు చేరాక పిల్లల నోరు వెలుతురులో తెరిపించి చూడండి. సుద్దవంటి తెల్లని మచ్చ అయితే అది ఆరంభదశ. ఫ్లోరైడ్‌తో, శుభ్రతతో ఆగే అవకాశం ఉంది. గుంట పడితే నొప్పి కొరకు వేచి ఉండకండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి.

ఇంతటితో నా మాట ముగించి, నా కొరకూ మీ కొరకూ అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాను.