అప్‌డేట్లు వస్తున్నాయా?
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపకార వేతనం అందుకున్న విద్యార్థినీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు అభినందనలు.

ఈ డబ్బుకు మరికొంత కలిపి పాత కంప్యూటరు కొనాలని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మంచిదే. ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్క్ ఎంత అని అందరూ అడుగుతారు. అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా అని మాత్రం అడగరు. ఆ ఒక్క ప్రశ్న గురించే నా నాలుగు మాటలు.

విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కోట్ల వరుసల ప్రోగ్రాము ఉంటుంది. ఎక్కడో ఒక తప్పు మిగిలిపోతుంది. దొంగ ప్రోగ్రాములు దూరేది ఆ సందులోంచే. దాన్ని మూసేందుకు కంపెనీవారు పంపేదే ప్యాచ్, అంటే అతుకు. జీన్సు కుట్టే మన బళ్లారివారికి అతుకు సంగతి వేరే చెప్పాలా! అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ప్యాచ్ వచ్చిందంటే సందు ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. ఆనాటి నుంచి అది వేసుకోనివారికే ప్రమాదం.

2017లో ఏం జరిగిందో చూడండి. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఉన్న ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. అదే లోపం గుండా చొరబడేందుకు అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ చేసుకున్న ప్రోగ్రాము ఏప్రిల్ 14న బయటికి పొక్కింది. మే 12న 'వానాక్రై' విరుచుకుపడింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. ఎవరూ ఏదీ నొక్కనక్కరలేదు, ఒక కంప్యూటరు నుంచి ఇంకొకదానికి అదే పాకింది. బ్రిటన్‌లో ఆస్పత్రుల్లో ఆపరేషన్లు వాయిదాపడ్డాయి. మన పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు మొదలైన జిల్లాల పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ప్యాచ్ వచ్చి అప్పటికి 59 రోజులు!

డేటా అయిపోతుందనో, ఆలస్యమవుతుందనో అప్‌డేట్లు ఆపేసేవారున్నారు. తల్లిదండ్రులారా, ఆ అరగంట పిల్లలను ఓపిక పట్టమనండి.

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ముగిశాయి. కొనబోయేదానికి విండోస్ 11 ఎక్కుతుందో లేదో దుకాణంలోనే అడగండి. ఎక్కకపోతే ఉబుంటు వంటి లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. అందులో తెలుగు, కన్నడం రెండూ టైపు చేసుకోవచ్చు.

ఇంకొక మాట. మార్కుల కార్డులు, ఆదాయ ధ్రువపత్రాలు స్కాన్ చేసి ఒక్క కంప్యూటర్లోనే ఉంచకండి. పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.