అటక మీది వేడి - ఇల్లు పరీక్షించేవారికి నాలుగు మాటలు



మా బళ్ళారి ప్రాంతంలో ఎండలు ఎట్లుంటాయో నేను చెప్పనక్కరలేదు. అయితే నడివీధిలోకన్నా ఎక్కువ వేడి ఉండే చోటు ఒకటి మన ఇంటిలోపలే ఉంది. అదే అటక. మన కన్నడ పొరుగువారు అట్ట అంటారు. ఎండాకాలంలో ఆ అటక ఎక్కి ఇల్లు పరీక్షించే మేస్త్రీలు, వడ్రంగులు, కరెంటు పనివారు, ఇంజనీర్లు, వారిని ఎక్కించే మనబోటి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు ఈరోజు ముచ్చటించుకుందాం.

కొన్నేళ్ళ క్రితం మే నెల సెలవుల్లో నేనొక పాత పెంకుటిల్లు కొందామనుకున్నాను. దూలాలు చూడటానికి తెలిసిన మేస్త్రిని వెంట తీసుకుపోయాను. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. "సార్, రేపు తెల్లవారి ఎక్కుతాను" అన్నాడాయన. "పది నిమిషాల పనే కదా మేస్త్రీ" అని నేనే తొందర పెట్టాను. నిచ్చెన వేసుకొని ఎక్కాడు. కాసేపు దూలాల కొలతలు గట్టిగా చెబుతూ వచ్చాడు. తరువాత నేనొకటి అడిగితే ఆయన ఇంకొకటి చెప్పాడు. ఆపైన మాటే లేదు. పక్కింటివారి సాయంతో దించేసరికి ఒళ్ళు కాలిపోతూ ఉంది. తడిగుడ్డలు కప్పి, విసురుతూ ఆసుపత్రికి చేర్చాము. మేస్త్రి బతికాడు. కాని పదహారేండ్లుగా పిల్లలకు వేడిగాలి పైకి పోతుందని పాఠం చెప్పిన నాకు, ఆ రోజు ఆ పాఠం జ్ఞాపకం రాలేదు.

ఆ పాఠమే ఇప్పుడు చెబుతాను. బళ్ళారి 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. గోడలకన్నా కప్పు మీదనే ఎండ ఎక్కువ పడుతుంది. ఎండలో రేకు 60 డిగ్రీలు దాటి కాగడం అరుదు కాదు. కాగిన రేకుగాని పెంకుగాని కుంపటిలాగా కిందికి సెగ కొడుతుంది. ఇంటిలోని వేడిగాలి పైకి లేచి అక్కడే చేరుతుంది. బయటికి దారి లేకపోతే అటక ఆవం అవుతుంది. చుట్టూ ఉన్న గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు మనల్ని చల్లబరిచేది చెమట ఒక్కటే. గాలి ఆడనిచోట ఆ చెమట కూడా సరిగా ఆరదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. చౌడు మన్ను పరచిన మిద్దెకు గవాచి పెట్టారు. దానినే కన్నడంలో గవాక్షి అనీ, బెళకిండి అనీ అంటారు. వెలుతురు లోపలికి వచ్చేదీ, పొగా వేడిగాలీ బయటికి పోయేదీ దానిగుండానే. మనం బెంగుళూరు పెంకులనే పెంకుల కార్ఖానా 1865లో మొదలైంది మంగళూరులో. ఆ పెంకుల సందుల్లోనుంచి కూడా కొంత గాలి ఆడుతుంది. ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? వాన కురుస్తుందని, పందికొక్కులు వస్తాయని గవాచిని సిమెంటుతో మూసేస్తున్నాం. రేకుల కింద గాలికి దారి వదలకుండా సీలింగు కొట్టిస్తున్నాం.

కాబట్టి ఇల్లు చూచేవారు ముందు గాలి దారి చూడాలి. చూరు దగ్గర గాలి లోపలికి రావాలి, కొప్పు దగ్గర బయటికి పోవాలి. ఒక్కటే ఉంటే చాలదు. అమెరికాలో గృహనిర్మాణ నియమాల ప్రకారం అటక వైశాల్యం 150 చదరపు అడుగులైతే గాలి దారి 1 చదరపు అడుగు ఉండాలి. 300 అడుగుల అటకకు 2 అడుగులన్నమాట. సగం కింద, సగం పైన ఉంటే మేలు. కన్నాలకు కొట్టిన జాలీలో బూజు, పావురాల గూళ్ళు అడ్డుపడ్డాయేమో చూడండి. వంటింటి పొగగొట్టం బయటికి పోకుండా అటకలోనే ఆగిపోయిందా అనేదీ చూడండి.

తరువాత కరెంటు తీగలు. మామూలు పీవీసీ తీగ 70 డిగ్రీల వేడికి తగినట్లు చేసింది. అటకలో పరిసరాలే అంత కాగితే, తీగలో పుట్టే వేడి పోవడానికి చోటుండదు. ఏండ్లు గడిచేకొద్దీ పైతొడుగు పెళుసుబారి పగులుతుంది. అందుకే మెయిను ఆపకుండా తీగ ముట్టవద్దు. ఆస్‌బెస్టాస్ రేకులైతే పగలగొట్టడం, రంధ్రాలు వేయడం కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇక మనిషి సంగతి. అటక ఎక్కే పని తెల్లవారుజామునే ముగించాలి. ఎక్కడానికి అరగంట ముందే అటక తలుపు తెరిచి ఉంచాలి. ఒంటరిగా ఎక్కరాదు. కింద ఒకరు నిలబడి నిమిషానికోసారి పలకరిస్తూ ఉండాలి. పావుగంటకోసారి దిగి నీళ్ళు తాగాలి. దూలాల మీదనే అడుగు వేయాలి.

మాట తడబడినా, అడిగినదానికి పొంతనలేని జవాబు వచ్చినా అది వడదెబ్బే అనుకోండి. వెంటనే దించి, నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. 108కి ఫోను చేయండి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్ళు పోయకండి.

ఇంట్లో ఉండేవారికీ ఒక మాట. కప్పు మీద తెల్లసున్నం కొట్టిస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ప్రకటించినదానికి మూలం ఈ సూత్రమే. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

చివరికి ఆ ఇల్లు నేనే కొన్నాను. రెండువైపులా కొప్పు కింది గోడల్లో కన్నాలు పెట్టి జాలీలు బిగించింది కూడా ఆ మేస్త్రే. ఆ రోజు ఆయన ఉదయం ఆరు గంటలకే ఎక్కాడు. ఎనిమిదికి ఇంకా కొంచెం పని మిగిలే ఉంది. "ఇది రేపు చేద్దాం సార్" అన్నాడు. ఈసారి నేను మారు మాట్లాడలేదు.

శ్రోతలారా, పనివారు రేపు వస్తామంటే రేపటిదాకా ఆగుదాం. ఇల్లు ఎక్కడికీ పోదు.