కాలేయం అంచున నల్లని చార: యుద్ధక్షేత్ర వైద్యశాలల్లో అల్ట్రాసౌండ్

యుద్ధంలో గాయపడి, కాపాడే వీలుండి కూడా చనిపోయేవారిలో అత్యధికుల ప్రాణాలు రక్తస్రావం వల్లనే పోతాయన్నది సైనిక వైద్యంలో స్థిరపడిన సత్యం. చేతి నుంచో కాలి నుంచో కారే రక్తం కంటికి కనిపిస్తుంది కనుక గాయానికి పైన పట్టీ బిగించి దాన్ని ఆపవచ్చు. పొట్టలో కారే రక్తం మాత్రం చర్మం మీద చిన్న రంధ్రం తప్ప మరే గుర్తూ చూపకుండా అవయవాల మధ్య చేరుతూనే ఉంటుంది. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు; ఆరోగ్యవంతుడైన యువ సైనికుడి శరీరం రక్తనాళాలను బిగబట్టుకుని, అందులో దాదాపు 30 శాతం పోయేదాకా రక్తపోటును నిలబెట్టుకోగలదు కనుక, నాడి చూసిన వైద్యుడికి అతడు కాస్త కంగారుపడుతున్నవాడిలా మాత్రమే కనిపించవచ్చు. ఆరుగురు క్షతగాత్రులు ఒకేసారి వచ్చి, ఆపరేషన్ బల్లలు రెండే ఉన్న గుడారంలో, ముందుగా ఎవరిని బల్ల మీదికి చేర్చాలన్న ప్రశ్నకు జవాబు ఆ కనిపించని రక్తంలోనే ఉంటుంది.

1965 నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతిలో బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి, గొట్టం దించి, సెలైన్ నింపి, తిరిగివచ్చిన నీరు ఎర్రబడిందేమో చూసేవారు. అది నమ్మదగినదే అయినా, కోత కోయాలి, సమయం పడుతుంది, మళ్లీ మళ్లీ చేయడానికి వీలుండదు. అల్ట్రాసౌండ్, అంటే చెవికి వినబడనంత హెచ్చు పౌనఃపున్యం గల శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ కట్టే విద్య, ఈ పనికి పనికొస్తుందని జర్మనీ, జపాన్ వైద్యులు ముందుగా గ్రహించారు. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో వచ్చిన భూకంపం యుద్ధం కాకపోయినా, క్షతగాత్రుల తాకిడి విషయంలో యుద్ధానికి తీసిపోలేదు. అప్పుడు 72 గంటల్లో 400 మందిని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించిన వైద్యులు, గుంపుగా వచ్చిపడే రోగులను వేరుచేయడానికి ఈ యంత్రం అక్కరకొస్తుందని ఆచరణలో చూపారు. తర్వాత 1990ల్లో అమెరికా శస్త్రవైద్యులు ఈ పరీక్షకు క్రమం ఏర్పరచి 'ఫాస్ట్' అని పేరుపెట్టారు.

ఫాస్ట్‌లో అవయవాల పూర్తి పరిశీలన ఉండదు. నాలుగు చోట్ల ద్రవం ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు. కుడివైపు కింది పక్కటెముకల సందున జెల్ రాసి, శబ్దాన్ని పంపి అందుకునే ప్రోబ్ ఆనిస్తే, తెరమీద కాలేయం బూడిదరంగులోనూ, దాని కింద మూత్రపిండం చిక్కుడు గింజ ఆకారంలోనూ కనిపిస్తాయి; ఆ రెండూ ఒకదానికొకటి అంటుకుని, మధ్య సన్నని తెల్లని గీత ఉంటే చోటు ఖాళీగా ఉన్నట్టు, ఆ గీత విచ్చుకుని నల్లని చార ఏర్పడితే అక్కడ రక్తం చేరినట్టు. ద్రవం ప్రతిధ్వనిని తిరిగి పంపదు కనుకే నల్లగా కనిపిస్తుంది. ఎడమవైపు ప్లీహం చుట్టూ, పొత్తికడుపులో మూత్రాశయం వెనుక, గుండెను కప్పిన పొరలోపల ఇదే వెతుకులాట సాగుతుంది. మూత్రాశయం నిండుగా ఉంటే శబ్దానికి కిటికీలా తోడ్పడుతుంది కాబట్టి, మూత్రం గొట్టం వేయకముందే పొత్తికడుపు చూడడం మేలు. తొందరలో ఈ చిన్న వరుస తప్పితే బొమ్మ పాడవుతుంది.

ఒకప్పటి బరువైన యంత్రాలను రణరంగానికి మోసుకెళ్లడం అయ్యే పని కాదు. అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా 1996లో మొదలుపెట్టించిన కృషి ఫలితంగా, సుమారు రెండున్నర కిలోల బరువుతో, బ్యాటరీ మీద నడిచే సోనోసైట్ 180 అనే యంత్రం 1999లో వెలువడింది. 2003లో ఇరాక్‌కు వెళ్లిన శస్త్రచికిత్స బృందాలు అలాంటి చిన్న యంత్రాలనే వెంటబెట్టుకున్నాయి. హెలికాప్టర్ రొదలో స్టెతస్కోపుకు ఏమీ వినబడదు, కానీ తెరమీది బొమ్మకు రొదతో పనిలేదు. ఊపిరితిత్తి సవ్యంగా ఉంటే పక్కటెముకల కింద ఒక తెల్లని గీత శ్వాసతోపాటు చీమలబారులా కదులుతుంది. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి గోడ నుంచి విడిపోతే ఆ కదలిక ఆగిపోతుంది. ఇది కూడా కలిశాక ఫాస్ట్ పరీక్ష పరిధి ఊపిరితిత్తులకూ విస్తరించింది.

అయితే ఈ పరీక్ష 'ఉంది' అన్నప్పుడు నమ్మినంతగా 'లేదు' అన్నప్పుడు నమ్మకూడదు. ఈ ఉపన్యాసం నొక్కిచెప్పదలచినది ఇదే. అఫ్ఘానిస్తాన్‌లోని క్యాంప్ బాస్టియన్ సైనిక స్థావరంలో బ్రిటిష్ వైద్యులు పొట్టకు గాయమైనవారి మీద జరిపిన పరిశీలనలో, ఫాస్ట్ రక్తం లేనివారిని 98 శాతం సరిగ్గా గుర్తించినా, లోపల గాయం ఉన్నవారిలో పట్టుకోగలిగింది 56 శాతాన్నే. కారణం తేలికగానే అర్థమవుతుంది: పేగుకు పడిన చిల్లు తొలి గంటలో రక్తాన్ని పోగుచేయదు, వెన్ను దగ్గరి గాయం రక్తాన్ని ఉదరకుహరంలోకి వదలదు, చార కనబడాలంటే సుమారు 200 మిల్లీలీటర్లయినా చేరాలి. అందువల్ల సీటీ స్కాన్ ఉన్నచోట అదే తుది మాట చెబుతుంది. అది లేని ముందువరుస గుడారంలో మాత్రం అదే ప్రోబ్‌ను కాసేపాగి మళ్లీ ఆనించడం తప్ప దారి లేదు. కోత లేదు, రేడియేషన్ లేదు కాబట్టి ఎన్నిసార్లు చూసినా రోగికి నష్టం లేదు.

మన ఆసుపత్రుల సంగతికొస్తే, తెలుగునాట స్కానింగ్ అనగానే గర్భిణులూ, లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డులూ గుర్తుకొస్తాయి. 1994 నాటి చట్టం ఎంత అవసరమైనదో చెప్పనక్కరలేదు. దాని కింద చిన్న యంత్రాలకు పెట్టిన కట్టుబాట్లను గౌరవిస్తూనే, అత్యవసర విభాగాల యువవైద్యులకు ఈ నాలుగు చోట్లు చూడడం నేర్పించడం సాధ్యమే, నేర్పించి తీరాలి.

యుద్ధక్షేత్రంలో రక్తాన్ని పసిగట్టడంతోనే ఈ యంత్రం పని ముగియదు. ప్లాస్టిక్ వంటి, ఎక్స్‌రేకు దొరకని శకలాలతో గాయపరచడమే ప్రధాన ప్రభావంగా గల ఆయుధాలను 1980 నాటి అంతర్జాతీయ ఒప్పందపు మొదటి ప్రోటోకాల్ నిషేధించింది. కానీ పేలుడు ధాటికి ఎగసివచ్చే కర్రపేళ్లకు ఒప్పందాలు తెలియవు, చర్మానికి దగ్గరలో ఉన్న అటువంటివాటిని ప్రోబ్ చూపగలదు. కాలు తెగిన సైనికుడికి నొప్పి తగ్గించడంలోనైతే దీని సాయం మరీ విలువైనది. తొడ వెనుక తేనెపట్టులా కనిపించే పెద్ద నరం పక్కకు సూది మొన చేరడాన్ని వైద్యుడు తెరమీద చూస్తూ మత్తుమందు వదిలితే, ఆ మందు నరం చుట్టూ నల్లని వలయంగా అలముకుంటుంది. అక్కడే సన్నని గొట్టం నిలిపి మందు కొద్దికొద్దిగా అందిస్తే, మార్ఫిన్ అవసరం బాగా తగ్గి, జర్మనీలోని లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రిదాకా సాగే విమాన ప్రయాణంలో ఆ సైనికుడు మగతలో మునిగిపోకుండా, పక్కనున్న నర్సు అడిగినదానికి తెలివితో బదులు చెప్పగలుగుతాడు.