వంకర కర్రతో విల్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మొదలైన వసంత నవరాత్రులు శ్రీరామనవమితో ముగుస్తవి. ఈ తొమ్మిది నాళ్ళలో మన యిండ్లలో విల్లు మాట ఎన్నోసార్లు వింటాము. శివుని వింటిని ఎవరు ఎక్కుపెట్టినారో, ఎట్లా విరిగినదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. విల్లును చెక్కే చేతిని గురించి మాత్రం ఎవరూ అడుగరు. నేడు ఆ చేతిపనిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

విల్లు పురాణాలలోని వస్తువు మాత్రమే కాదు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం ప్రజలకు అది నిజమైన ఆయుధము. నల్లమల చెంచులకు తరతరాల తోడు. దూదేకులవారు దూలానికి వ్రేలాడదీసి, కొయ్యగుదితో నారిని మీటుతూ ప్రత్తి ఏకిన సాధనము కూడా విల్లే. కావడిబద్ద దానికి దగ్గర చుట్టము. బరువు ఎత్తితే వంగవలెను. దించితే మళ్ళీ నిలువుగా రావలెను. ఈ గుణము గల చెట్లలో తడ చెట్టు ఒకటి. సంస్కృతంలో దానికి ధనుర్వృక్షమనే పేరున్నది. మన కన్నడ సోదరులు తడసలు అంటారు.

అయితే సాఫైన తడ కర్ర అందరికీ దొరకదు. మాలో కొందరము గడచిన ఏడాది సెలవుదినాలలో ఒక నల్లతుమ్మ కర్రతో ఈ పని చేసి చూచినాము. అది 5 అడుగుల పైచిలుకు పొడవు. ఒక ప్రక్క వంకర, నడుమకు కొంచెము ఎగువన ఒక ముడి, చివర మెలిక. చూచినవారందరూ పొయ్యిలోకి పనికివస్తుందన్నారు.

బీదరులో ఉన్నవారికి బిద్రీ పని కొత్త కాదు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. పోత చెడితే కరిగించి మళ్ళీ పోయవచ్చును. కర్రకు ఆ సదుపాయము లేదు. ఒకసారి తీసిన పొట్టు తిరిగి అతకదు. విల్లు పనిలోని భయభక్తులన్నీ ఈ ఒక్క సంగతిలోనే ఉన్నవి.

ముందుగా కర్ర ఆరవలెను. పచ్చికర్ర రెండు కొనలకు మైనమో రంగో పూసి, నీడలో నెలల తరబడి ఉంచవలెను. కొనలు త్వరగా ఆరితే పగుళ్ళు వస్తవి. తరువాత బాడిసతో రూపు తీయుట. విలుకానికి అవతల ఉండే వైపును వెన్ను అందాము. ఇవతలి వైపు పొట్ట. విల్లు వంగినప్పుడు వెన్ను సాగుతుంది, పొట్ట నలుగుతుంది. కనుక వెన్నువైపు ఒకే పొర ఈ కొననుండి ఆ కొనవరకు తెగకుండా ఉండవలెను. ఆ పొర తెగినచోటనే విల్లు విరుగుతుంది. కర్ర వంకర పోయినచోట పొర కూడా వంకర పోతుంది; ఉలి కూడా దానివెంటనే పోవలెను. అందము కొరకు తిన్నగా కోస్తే నరము తెగుతుంది.

ముడి దగ్గర మరింత జాగ్రత్త. దానిని తొలిచివేయరాదు. చుట్టూ కొంత కండ అదనంగా వదలవలెను. మా వింటిలో ముడి ఉన్నచోట నేటికీ చిన్న ఉబ్బు కనిపిస్తుంది.

ఇక మెలిక సంగతి. మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. వడ్రంగి ఆ సామెతకు కొంచెము సడలింపు ఇస్తాడు. అంగుళము మందానికి సుమారు 1 గంట చొప్పున ఆవిరి పట్టి, వెంటనే పట్టుకట్టెల మధ్య బిగించి ఆరనిస్తే ఎండిన కర్ర కూడా వంగుతుంది. అయినా కర్రంతా తిన్నగా చేయనక్కరలేదు. నారి పిడి నడుమగా పోతే చాలును. మిగిలిన వంకర దాని సొంతము.

చివరిది, అన్నిటికంటె కష్టమైనది, వంపు సరిచూచుట. నారిని వదులుగా కట్టి, కొద్ది అంగుళాలు మాత్రమే లాగి, దూరమునుండి చూడవలెను. ఒకచోట ఎక్కువ వంగుతుంది, మరొకచోట బిర్రుగా ఉంటుంది. వంగేచోట చేయి పెట్టరాదు. బిర్రుగా ఉన్నచోటనే పొట్టవైపు గాజుపెంకుతో గీరవలెను. మందము 10వ వంతు తగ్గితే బిగువు నాలుగో వంతుకు మించి తగ్గుతుంది. అందుచేత నాలుగు గీట్లు గీరి, పాతిక సార్లు మెల్లగా లాగి, మళ్ళీ చూడవలెను. మాకు ఈ పనికే మూడు వారాలు పట్టినది. ఇప్పుడు ఆ విల్లు సుమారు 10 కిలోల బలముతో లాగితే నిండుగా వంగుతుంది.

పిల్లలకు ఒక హెచ్చరిక. బాణము లేకుండా లాగి వదలరాదు. ఆ బలమంతా వింటిమీదనే పడి అది పగులవచ్చును. వెన్నుమీద చిన్న పేడు లేచినా ఆ విల్లు ముట్టరాదు. మనిషివైపు ఎన్నడూ గురిపెట్టరాదు.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెప్పినట్లు? మన బిడ్డలు బడిలో కన్నడము, వీధిలో దక్కనీ ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతున్నారు. 1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, బీదరు నాటి మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత ఈ నేల మీద పుట్టినవారే వారిలో అందరూ. వారి తెలుగులో కన్నడపు మలుపు వినిపిస్తే మనలో కొందరు పదిమందిలో కసురుకుంటారు. మాట తడబడేచోటనే మళ్ళీ మళ్ళీ గీరుతారు. పిల్లవాడు సిగ్గుపడి తెలుగు మానివేస్తాడు. ఆ పొట్టు మళ్ళీ అతకదు. వాడు చక్కగా కథ చెబుతాడు, పాట పాడుతాడు. అక్కడ చేయి వేసి మెచ్చుకొని, తక్కినది ఓపికగా చూడవలెనని మా విన్నపము.

మరొక కోరిక. విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ గారు 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విలువిద్యలో 3 స్వర్ణపతకాలు గెలిచినారు. వారిది కప్పీలు గల ఆధునిక విల్లు, ఖరీదు ఎక్కువ. కాని మన దేశపు పోటీలలో ఇండియన్ రౌండ్ అనే విభాగములో వెదురు విండ్లు, కొయ్య విండ్లు వాడుతారు. అక్కడికి చేరుటకు పేదపిల్లలకు కూడా దారి ఉన్నది. బాడిస పట్టిన పెద్దలు మన కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. వారి చేతిలో సత్తువ ఉండగానే, ఈ వేసవి సెలవులలో పిల్లలను పదిమందిని వారి దగ్గర కూర్చోబెట్టుదాము. కర్రలు మేము తెస్తాము. వంకరవి దొరికినా పరవాలేదు.