ఎల్క్ అరుపు నేర్చిన మా పొరుగాయన



2019లో అమెరికాలో, ఐడహో రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. పొరుగాయన వేటగాడు. ఎల్క్ అంటే మన కణుజుకు చుట్టమైన పెద్ద దుప్పి. ఒక్కటి దొరికితే వాళ్లింటికి చలికాలమంతా మాంసం.

సెప్టెంబరు ఎదకాలంలో మగది లోగొంతుతో మొదలుపెట్టి, ఈలలా పైకెత్తి, గుర్రుమంటూ దించుతుంది. ఆయన రికార్డింగు విని, అంగిలికి రబ్బరు పొర ఆనించి ఊది, తన అరుపూ రికార్డు చేసి పోల్చుకునేవారు.

"ఆ రికార్డే అడవిలో వినిపించవచ్చుగా?" అన్నాను. అది అక్కడ చట్టవిరుద్ధమట. అతిగా పిలిస్తే జంతువుకు అనుమానం. పైగా ఎల్క్ అనుకుని మరో వేటగాడు ఆయుధంతో రావచ్చు.

అరవడం ఒక పాలు, ఊరుకోవడం మూడు పాళ్లు అన్నారాయన. ఇంట్లో పెద్దలమైన మనకూ పనికొచ్చే మాటే.