డైమిథైల్ అమీన్ గురించి నాలుగు మాటలు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న రసాయన, ఔషధ శాస్త్ర విద్యార్థులందరికీ అభినందనలు.

మీలో చాలామంది రేపు పాశమైలారంలోనో పరవాడలోనో ఫార్మా ప్లాంట్ల ఉద్యోగాల్లో చేరతారు. అక్కడ మీకు తారసపడే ఒక పదార్థం గురించి చెబుతాను. డైమిథైల్ అమీన్. మిథనాల్‌నీ అమోనియానీ వేడి ఉత్ప్రేరకం మీదుగా పంపి దాన్ని తయారుచేస్తారు. 7 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మన వాతావరణంలో అది వాయువే. అందుకే 40 శాతం నీటి ద్రావణంగా కూడా అమ్ముతారు. కొద్దిగా ఉంటే చేపల వాసన, ఎక్కువైతే అమోనియా ఘాటు. సులువుగా అంటుకుంటుంది కూడా.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు రోజూ వేసుకునే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ దీన్నుంచే వస్తుంది. దీని హైడ్రోక్లోరైడ్‌ను డైసయాన్‌డైఅమైడ్‌తో కలిపి వేడిచేస్తారు. ఇస్రో వికాస్ ఇంజన్‌లో మండే ఇంధనానికీ, రబ్బరు పరిశ్రమ వాడే థైరమ్‌కూ మూలం ఇదే. ఫార్మా ప్లాంట్లలో విరివిగా వాడే డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) ద్రావణి కూడా దీనితోనే తయారవుతుంది.

ఆ డీఎంఎఫ్ దగ్గర కాసేపు ఆగాలి. 2018 జూలైలో వల్సార్టాన్ అనే రక్తపోటు మందును ఎన్నో దేశాలు వెనక్కి పిలిపించాయి. చైనాలోని ఒక తయారీ సంస్థ దిగుబడి పెంచుకోవడానికి అంతకు కొన్నేళ్ల ముందు దాని తయారీ పద్ధతి మార్చింది. కొత్త పద్ధతిలో ద్రావణి డీఎంఎఫ్. తయారీలో వాడగా మిగిలిపోయిన అజైడ్‌ను నాశనం చేయడానికి నైట్రైట్ కలిపేవారు. డీఎంఎఫ్‌లో లేశమాత్రంగా ఉండే డైమిథైల్ అమీన్ ఆ నైట్రైట్‌తో కలిసి ఎన్‌డీఎంఏ (నైట్రోసోడైమిథైల్ అమీన్)గా మారింది. అది ఎలుకల్లో కాలేయ కణితులు పుట్టిస్తుందని 1956లోనే తేలింది. అయినా మామూలు నాణ్యతా పరీక్షల్లో అది బయటపడలేదు. దాని కోసం ఎవరూ వెతకలేదు కనుక! రోజుకు 96 నానోగ్రాములు మించకూడదని తర్వాత పరిమితి పెట్టారు. అంటే గ్రాములో కోటో వంతు కన్నా తక్కువ.

దిగుబడి పెంచాలనుకోవడం తప్పు కాదు. మారిన ప్రతి దశలో ఏది దేనితో కలుస్తుందో కాగితం మీద రాసి చూడకపోవడమే తప్పు. అది రాయడానికి కావలసిన కెమిస్ట్రీ మీరు రెండో సంవత్సరంలోనే చదివారు.

కాబట్టి మీ షిఫ్టులో తిరిగి శుద్ధిచేసిన ద్రావణి డ్రమ్ము వస్తే, అందులో డైమిథైల్ అమీన్ ఎంత మిగిలిందో అడగండి. నైట్రైట్ ఏ దశలో కలుస్తుందో అడగండి. పైవాళ్లు విసుక్కున్నా సరే, జవాబు వచ్చేదాకా బ్యాచ్ రికార్డు మీద సంతకం పెట్టకండి.