ప్రజాభిప్రాయ సేకరణము - ప్రజాధనము



ఎవరి సంస్మరణార్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ మహాశయులు, ప్రజాధనము వెచ్చింపవలసి వచ్చినప్పుడెల్ల, ఎంత యని గాక ఎవరి యనుమతిపై నని మొదట ప్రశ్నించెడివారని వారి నెఱిగిన పెద్దలు చెప్పుదురు. ఆ ప్రశ్ననే జాతీయ ప్రజాభిప్రాయ సేకరణమునకు అన్వయించి చూడవలెనని నా సంకల్పము.

ఈ విషయమున వాదించువారు సాధారణముగా మొత్తమునే పట్టుకొందురు. ఐరోపా సమాఖ్యలో నిలుచుటయా, వెడలుటయా యని 2016లో బ్రిటిషు ప్రజల నడిగినందుకు దాదాపు 12 కోట్ల 90 లక్షల పౌనులు వ్యయమైనవి. ప్రభుత్వము తన పక్షమును సమర్థించుచు ఇంటింటికి పంపిన కరపత్రమునకు 93 లక్షలు. ఇవి చిన్న మొత్తములు కావు. అయినను 2015లో పార్లమెంటే చట్టము చేసి ఆ సేకరణమునకు పూనుకొన్నది గనుక, దాని మంచిచెడ్డల బాధ్యత యెవరిదో దాచుకొన వీలులేదు.

ఆస్ట్రేలియా కథ వేఱు. స్వలింగ దంపతుల వివాహమును చట్టసమ్మతము చేయు నధికారము పార్లమెంటునకు కలదని అచటి హైకోర్టు, మన సుప్రీంకోర్టుతో సమానమైన న్యాయస్థానమది, 2013లోనే తేల్చియుండెను. రాజ్యాంగమును సవరింప బనిలేదు. అయినను పాలకపక్షము తన లోపలి కలహమునకు వెఱచి, తాను మోయవలసిన భారమును ప్రజల నెత్తికెత్తజూచినది. అందుకై తెచ్చిన ప్రజాభిప్రాయ సేకరణపు బిల్లును 2016 నవంబరులో సెనేటు త్రోసిపుచ్చగా, మఱుసటియేడు ఆగస్టులో ప్రభుత్వము దొడ్డిదారి పట్టి, ఎన్నికల సంఘమునకు బదులు గణాంక శాఖను పిలిచి, టపాద్వారా 'సర్వే' జరుపుమన్నది. ఆర్థికమంత్రి కోర్మన్ తన యధీనములోని ముందస్తు నిధినుండి 12 కోట్ల 20 లక్షల డాలర్లు మంజూరుచేసెను.

ఆ నిధి, బడ్జెటు బిల్లు ప్రవేశపెట్టునాటికి ఊహింపని అత్యవసర వ్యయమునకు ఉద్దేశింపబడినది. ప్రజల నడిగెదమని రెండేండ్లుగా చెప్పుచున్న మంత్రివర్గమునకు ఆ ఖర్చు ఊహకందని దెట్లయ్యెనని కొందఱు కోర్టుకెక్కిరి. ఊహింప శక్యమా కాదా యనునది ప్రశ్నయే కాదు, ఈ రూపమున ఈ వ్యయమును ప్రభుత్వము నాడు ఊహించియుండలేదు, మంత్రి యట్లు తృప్తిపడెను, అంతియ చాలునని 2017 సెప్టెంబరు 7న న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వ్యాజ్యమును కొట్టివేసిరి. తీర్పు శాస్త్రసమ్మతమే కావచ్చును గాని నా మనస్సునకు తృప్తి కలుగలేదు. సెనేటు కాదన్న పనికి శాసనసభల సమ్మతి మరల కోరకయే సొమ్ము దొరకినదన్న మాట యెట్లును మిగులును.

మన రాజ్యాంగములో జాతీయ ప్రజాభిప్రాయ సేకరణమునకు ఏర్పాటు లేదు. కాని ఊహింపని ఖర్చులకై 267వ అధికరణము క్రింద ఆకస్మిక నిధి కలదు. 500 కోట్లుగా నున్న దానిని 2021లో 30,000 కోట్లకు పెంచిరి. అందుండి తీసిన సొమ్మునకు పిమ్మటనైనను పార్లమెంటు ఆమోదము పొందవలెను. ఆ కట్టుబాటు విలువ ఆస్ట్రేలియా వైపు చూచినప్పుడు మఱింత స్పష్టమగును.

ఇక ఆస్ట్రేలియాలో ఆ సెప్టెంబరు 12నుండి కోటి అఱువది లక్షల మందికి కవరులు బయలుదేరినవి. మెల్బోర్నులోను సిడ్నీలోను ఆ దేశపు పౌరసత్వము గైకొనిన తెలుగువారి యిండ్లకును చేరినవి. లోపల ఒక బార్‌కోడు గల పత్రము, ఒకే ప్రశ్న, రెండు గడులు, తపాలాబిళ్ళ యక్కఱలేని తిరుగు కవరు. అందులో తళుకుపొడి వంటివి వేసి పంపవలదని గణాంక శాఖ హెచ్చరింపవలసి వచ్చినది. పెండ్లి సంబరము కాబోలు! నూటికి 79.5 మంది బదులిచ్చిరి, వారిలో 61.6 శాతము 'సరే' యనిరి. చివరకు తేలిన ఖర్చు 8 కోట్ల 5 లక్షల డాలర్లు, అనగా ఓటరు తల కించుమించు అయిదు డాలర్లు. మిగిలినది ఆదాయె నని ప్రభుత్వపక్షమువారు సంతోషించియుందురు. ఇరువదియేళ్ళుగా జంటగా బ్రతుకుచున్నవారు తమ కాపురము తగునా తగదా యని ఇరుగుపొరుగు వారు గడిలో గీత గీయుచుండగా రెండు నెలలు వేచియుండుటకు మాత్రము ఏ పద్దులోను చోటులేదు.

ఇంతయు జరిగిన పిమ్మటను చట్టము చేయవలసినది పార్లమెంటే, ఏలయన ఆ సర్వే ఎవరినీ బంధించునది కాదు. డిసెంబరు 7న దిగువసభ బిల్లును ఆమోదించినప్పుడు వ్యతిరేకముగా నిలిచినవారు నలుగురే. వారిని లెక్కించుటకు సభాపతికి ప్రత్యేక వ్యయ మేమియు కాలేదు.